సరిహద్దు జిల్లాల నుంచి ప్రజారోగ్య నిర్వహణలోకి

ఒడిశా సరిహద్దు జిల్లాలైన రాయగడ, గజపతి, కొరాపుట్‌లలోని తెలుగు పట్టభద్రులు ప్రజారోగ్య నిర్వహణను ఎంచుకోదలిస్తే, దరఖాస్తుకు ముందే వైద్యాధికారి అనుమతితో దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, ఆశా కార్యకర్త జ్వరంతో ఉన్న మనిషి వేలికొన నుంచి రక్తపుబొట్టు తీసి మలేరియా పరీక్ష చేయడం, ఆ ఫలితం రిజిస్టరులోకి, అక్కడి నుంచి జిల్లా నివేదికలోకి చేరడం శ్రద్ధగా గమనించాలి. వానలకు దారులు తెగకముందే కొండ ఊళ్లకు పరీక్ష కిట్లు, మందులు అందేలా చూడడమే, నా దృష్టిలో, ఈ వృత్తికి ప్రాణం.

రెండేళ్ల ఎంపీహెచ్ (మాస్టర్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) కోర్సు భువనేశ్వర్, హైదరాబాద్‌లలోని ఐఐపీహెచ్‌లలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది; ఈ చదువుకు వైద్య పట్టా తప్పనిసరి కాదు, అయితే అర్హతలు సంస్థను బట్టి మారుతాయి. జాతీయ ఆరోగ్య మిషన్‌లో బ్లాకు, జిల్లా స్థాయి ప్రోగ్రామ్ మేనేజర్ కొలువులు ఎక్కువగా కాంట్రాక్టువే. ఒడియా చదవడం, రాయడం ఇప్పటినుంచే నేర్చుకోవాలి. ఇక్కడి గిరిజన భాషలైన కువి, సవర మాటలు కొన్నైనా వస్తే గ్రామ సమావేశాల్లో తల్లులు మనసు విప్పి మాట్లాడతారు.