ఒకే రూపం, వేరు అర్థాలు: పదాల పోలికను పరీక్షించే పద్ధతి

బంధుత్వం లేని రెండు భాషలలో ఒకే పదం కనిపించినప్పుడు, అర్థాల జోలికి పోకముందే ఆ రూపం నిజంగా ఒకటేనా అని చూడాలి. తెలుగు ‘కాకి’, కాలు అనే అర్థంగల మలయ్ ‘కకి’ రోమన్ లిపిలో ఒకేలా ఉన్నా ఉచ్చారణలో ఒకటి కావు. అందువల్ల హ్రస్వదీర్ఘాలతో సహా, వినబడినట్టే రాసుకోవాలి. మాండరిన్ చైనీస్ వంటి భాషలలో స్వరస్థాయిని (గొంతు హెచ్చుతగ్గులను) కూడా గుర్తించాలి. అక్కడ ‘మా’ అనే అక్షరమే ఒక స్థాయిలో అమ్మ, మరొక స్థాయిలో గుర్రం.

రూపం కలిసిందని తేలితే సోదర భాషలను, అంటే అదే కుటుంబంలోని ఇతర భాషలను అడగాలి. నా దృష్టిలో అసలైన పరీక్ష ఇదే. ‘కల’ తెలుగులో స్వప్నం, ఫిన్నిష్‌లో చేప. తెలుగు పదానికి తోబుట్టువులైన తమిళ ‘కనా’, కన్నడ ‘కనసు’లలో లకారం స్థానంలో నకారం ఉంది. ఫిన్నిష్‌కు బంధువైన హంగేరియన్‌లో చేప పేరు హకారంతో మొదలవుతుంది. మూడు అనే సంఖ్యావాచకంలోనూ ఫిన్నిష్ కకారానికి అక్కడ హకారమే ఉంటుంది. అంటే వెనక్కి వెళ్లేకొద్దీ ఈ రెండు ‘కల’లూ దగ్గర కావడానికి బదులు దూరమవుతున్నాయి. ఇది కేవలం యాదృచ్ఛికం. ఇందులో వింత కూడా లేదు: పదిహేను హల్లులు, అయిదు అచ్చులు ఉన్న భాషలో ‘కల’ వంటి రెండక్షరాల రూపాలు 5,625 మాత్రమే సాధ్యం కాగా, చెప్పవలసిన అర్థాలు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

తరువాత అరువును పరిశీలించాలి. ‘ఉపన్యాసం’ తెలుగులో ప్రసంగం, హిందీలో నవల. ‘శిక్ష’ మనకు దండన, వారికి విద్య. తెలుగు, హిందీ వేర్వేరు కుటుంబాలవే అయినా రెండూ సంస్కృతం నుంచి తెచ్చుకుని, తమ వాడుకను బట్టి అర్థాన్ని మలచుకున్నాయి.

పసిపిల్లల మాటలను మాత్రం వేరుగా ఉంచాలి. ‘పాప’ తెలుగులో చిన్నపిల్ల, ఇటాలియన్‌లో క్రైస్తవ మతగురువైన పోపు. ఆ ఇటాలియన్ మాట తండ్రిని పిలిచే గ్రీకు పదం నుంచి వచ్చింది. పెదవులు కలిపి పలికే ధ్వనులు పిల్లలకు ముందుగా అలవడతాయి కనుక ఇలాంటి పోలికలు ఎక్కడైనా పుడతాయని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ 1960లో వివరించాడు. సంస్కృత ‘పాప’ శబ్దానికి వీటితో సంబంధం లేదు. (కంటిపాపలో పాప ఉన్నట్టే, కంటిపాపను సూచించే లాటిన్ పదానికీ చిన్నపిల్ల, బొమ్మ అనే అర్థాలున్నాయి, అక్కడ కలిసింది రూపం కాదు, ఊహ.)

అర్థం కూడా కలిసినప్పుడు మరింత జాగ్రత్త అవసరం. ఆస్ట్రేలియా ఆదివాసుల ఎంబబరం భాషలో కుక్కను ‘డాగ్’ అనే అంటారని 1960ల దశకంలో భాషాశాస్త్రవేత్త డిక్సన్ నమోదు చేశాడు. సమీపంలోని యిడిన్ భాషలో దాని రూపం ‘గుడగ’. మొదటి అక్షరం, చివరి అచ్చు రాలిపోగా మిగిలినదే ‘డాగ్’, ఇంగ్లీషు నుంచి వచ్చినది కాదు.