ఒక్క స్ప్రింగ్‌ లెక్కతో క్లాసికల్ మెకానిక్స్ నుంచి స్టాటిస్టికల్ ఫిజిక్స్ దాకా

క్లాసికల్ మెకానిక్స్ ఒక పేపర్, స్టాటిస్టికల్ ఫిజిక్స్ ఇంకో పేపర్ కాబట్టి చాలామంది ఈ రెండింటినీ ఒకదానికొకటి సంబంధం లేనట్టు చదివేస్తారు. అక్కడ హామిల్టోనియన్ ఎందుకు నేర్పారో తెలీదు, ఇక్కడ పార్టిషన్ ఫంక్షన్ ఎక్కణ్ణుంచి ఊడిపడిందో తెలీదు. పది లెక్కలు పైపైన చేసే బదులు, స్ప్రింగ్‌కి కట్టిన ఒక్క బరువును తీసుకుని చివరిదాకా లాక్కెళ్లండి.

ముందు లగ్రాంజియన్ రాయండి, అంటే గతిశక్తిలోంచి స్థితిశక్తి తీసేయడం. దాన్ని వేగంతో పాక్షిక అవకలనం చేస్తే ద్రవ్యవేగం వస్తుంది. తర్వాత హామిల్టోనియన్, మన స్ప్రింగ్ విషయంలో అంటే మొత్తం శక్తి. మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే: అందులో వేగం ఎక్కడా మిగలకూడదు, మొత్తం ద్రవ్యవేగంలోకి మార్చేయాలి. మన స్ప్రింగ్‌కి ఇది సులువే, ద్రవ్యవేగం వర్గాన్ని రెండు రెట్ల ద్రవ్యరాశితో భాగించి, దానికి స్ప్రింగ్ స్థితిశక్తి కలిపితే అయిపోయింది.

ఇప్పుడు పెన్ను పట్టుకుని బొమ్మ గీయండి. అడ్డంగా స్థానం, నిలువుగా ద్రవ్యవేగం. ఇదే ఫేజ్ స్పేస్. శక్తి మారదు కాబట్టి బిందువు ఒక దీర్ఘవృత్తం మీదే తిరుగుతుంది. ఆ దీర్ఘవృత్తం వైశాల్యం లెక్కగడితే, రెండు పై ఇంటూ శక్తి బై ఒమేగా వస్తుంది (ఒమేగా అంటే కోణీయ పౌనఃపున్యం). ద్రవ్యరాశి దానంతటదే కొట్టుకుపోతుంది. ఇక లియూవిల్ సిద్ధాంతం చెప్పేది: ఇలాంటి బిందువుల గుంపు ఒకటి కదులుతూ పోతే ఆకారం సాగినా వంగినా వైశాల్యం మారదు. ఘర్షణ పెడితే మాత్రం అన్నీ మధ్యకి కుంచించుకుపోతాయి, అప్పుడీ మాట చెల్లదు. స్థితుల్ని వైశాల్యంతో లెక్కపెట్టడానికి మనకు ధైర్యం ఇచ్చేది ఈ సిద్ధాంతమే, కాబట్టి పరీక్షలో రాకపోయినా వదలొద్దు.

ఇప్పుడా స్ప్రింగ్‌ని వేడి పరిసరాల్లో పెట్టండి. స్ప్రింగ్ ఎంత శక్తి లాక్కుంటే పరిసరాలకు అంత తగ్గుతుంది, వాటికి సాధ్యమయ్యే స్థితుల సంఖ్యా పడిపోతుంది. ఆ సంఖ్య లాగరిథమ్‌ని మొదటి పదం వరకు విస్తరిస్తే బోల్ట్‌జ్‌మన్ ఘాతాంకం బయటికొస్తుంది. బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకాన్ని ఉష్ణోగ్రతతో గుణిస్తే వచ్చేదాన్ని కేటీ అందాం. ఒక్కో స్థితి బరువు (అంటే సంభావ్యతలో దాని వాటా), మైనస్ శక్తి బై కేటీ ఘాతంగా ఉన్న ఎక్స్‌పొనెన్షియల్. ఈ బరువులన్నీ కూడితే అదే పార్టిషన్ ఫంక్షన్, అంతకుమించి అందులో మాయ ఏమీ లేదు.

ఇందాకటి వైశాల్యం ఇప్పుడు పనికొస్తుంది. అది శక్తికి నేరుగా అనుపాతంలో ఉంది కదా, కాబట్టి ప్రతి శక్తి ముక్కకీ సమానమైన చోటు దక్కుతుంది, స్థానం, ద్రవ్యవేగం రెండింటి మీదా చేయాల్సిన డబుల్ ఇంటిగ్రల్ కాస్తా సింగిల్ అయిపోతుంది. సగటు శక్తి సరిగ్గా కేటీ. ఒమేగా కూడా మాయమైంది, స్ప్రింగ్ గట్టిదైనా మెత్తదైనా అంతే!

ఘనపదార్థంలో ఒక్కో పరమాణువు మూడు దిక్కుల్లో ఊగుతుంది, అంటే మూడు కేటీలు. మోల్‌కి లెక్కేస్తే విశిష్టోష్ణం కెల్విన్‌కి సుమారు 24.9 జౌళ్లు. 1819లో డ్యూలాంగ్, పెటిట్ ప్రయోగాల్లో చూసింది దాదాపు ఇదే. రాగి గది ఉష్ణోగ్రత దగ్గర బాగానే సరిపోతుంది, వజ్రం మాత్రం సుమారు 6 దగ్గరే ఆగిపోతుంది. ఎందుకంటే క్వాంటమ్ లెక్కలో కంపనం శక్తి మెట్లు మెట్లుగానే పెరుగుతుంది. గది ఉష్ణోగ్రతలో కేటీ దాదాపు 0.025 ఎలక్ట్రాన్ వోల్టులే, వజ్రంలో ఒక్కో కంపనం మెట్టు అంతకంటే చాలా పెద్దది, ఎక్కడానికి శక్తి చాలదు. 1907లో ఐన్‌స్టైన్ ఇంటిగ్రల్ తీసేసి మెట్ల మీద కూడిక పెట్టాడు. మీరూ అదే చేసి, ఉష్ణోగ్రత బాగా పెంచితే విశిష్టోష్ణం పాత విలువకే చేరుతుందో లేదో చూసుకోండి. ఏ జవాబునైనా రెండు చివర్లా ఇలా పరీక్షించడం అలవాటైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఒక్క స్ప్రింగ్‌కి శక్తిలో ఒడిదుడుకు (ప్రామాణిక విచలనం) ఎంతో కూడా లెక్కించండి. అదీ కేటీయే వస్తుంది, అంటే సగటుతో సమానం. అలాంటప్పుడు సగటుకి ఏం విలువ? ఒక్కదానికైతే పెద్దగా లేదు. కానీ 10 పవర్ 22 స్ప్రింగులుంటే సాపేక్ష ఒడిదుడుకు వర్గమూలం లెక్కన 10 పవర్ మైనస్ 11కి పడిపోతుంది, ప్రయోగంలో కనిపించదు.

వాయువులకు వెళ్లాక, ఒకేలాంటి అణువుల్ని విడివిడిగా గుర్తుపట్టలేం కాబట్టి, ఎన్ (అణువుల సంఖ్య) ఫాక్టోరియల్‌తో భాగించడం మర్చిపోకండి, స్ఫటికంలో చోటు చోటుకీ కట్టేసిన పరమాణువులకు అది అక్కర్లేదు. ఇవన్నీ చేశాక స్ప్రింగ్ స్థితిశక్తిని స్థానం నాలుగో ఘాతంగా మార్చి మళ్లీ మొదలుపెట్టండి. క్లాసికల్ సగటు శక్తి ఈసారి ముప్పావు కేటీ రావాలి.