పిల్లలతో డైనోసార్ శిలాజాల తవ్వకం చేయించడం ఎలా?

ఇసుకలో డైనోసార్ బొమ్మలు పూడ్చి, పిల్లల చేతికి చిన్న పారలిచ్చి తవ్వమంటే అది శిలాజాల తవ్వకం కాదు. ఐదు నిమిషాల్లో బొమ్మలన్నీ బయటికొస్తాయి, నేర్చుకున్నది ఏమీ ఉండదు. శిలాజం రాతిలో ఇరుక్కుని ఉంటుంది. దాన్ని విడిపించడానికి ఎంత ఓపిక కావాలో పిల్లల వేళ్లకు తెలియాలి.

లోతైన ప్లాస్టిక్ ట్రే, సన్న ఇసుక, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, విడదీయడానికి వీలైన ప్లాస్టిక్ అస్థిపంజరం, కుంచెలు, ఐస్‌క్రీమ్ పుల్లలు, దారం, కాగితం ఉంటే చాలు. సుత్తి వద్దు. పిండిలో ఉప్పు కలిపి చేసే ఎముకలూ వద్దు, తడికి నానిపోతాయి. నాణేలు, కుండ పెంకులు అసలే కలపకండి. డైనోసార్లు అంతరించి సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లయింది, అప్పటికి మనిషే లేడు.

ఎముకలకు పలచగా నూనె రాయండి. ఇసుక, ప్లాస్టర్, నీళ్లు కలిపిన మిశ్రమంలో సగం ట్రేలో పోసి, ఎముకలు పరిచి, మిగతా సగం కలిపి పైన పోయండి. పరిచేటప్పుడు పుర్రె, మెడ, వెన్ను, పక్కటెముకలు వాటి వరుసలోనే ఉండాలి. ఒక కాలు మాత్రం కాస్త పక్కకు జరపండి.

అందరూ చెడగొట్టేది మిశ్రమం దగ్గరే. ఇసుక, ప్లాస్టర్ సమపాళ్లలో కలిపితే బండరాయి తయారవుతుంది. అలాంటి ట్రే ముందు కూర్చున్న ఒక పాప గంటసేపు గీకి గీకి, పుల్ల విరిగాక ఏడ్చేసింది. తప్పు పాపది కాదు, కలిపిన పెద్దలది. నాలుగు పాళ్ల ఇసుకకు ఒక పాలు ప్లాస్టర్, అంతే. రెండూ పొడిగా ఉండగానే బాగా కలిపి, తర్వాత నీళ్లు కొంచెం కొంచెంగా పోయండి. గరిటె జారుడు రాగానే ఆపేయండి. నీళ్లు ఎక్కువైతే ఇసుక అడుగుకు దిగి, పైన ప్లాస్టర్ పెచ్చు కడుతుంది.

ఈ పని పెద్దలే చేయాలి, ముక్కుకు మాస్కు కట్టుకుని. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. మందంగా ఉంటే చర్మం కాలేంత వేడి పుడుతుంది, కాబట్టి సరదాకు కూడా పిల్లల చేతులు అందులో పెట్టించకండి. మిగిలినది సింకులో పోయకండి, గొట్టంలోనే గట్టిపడుతుంది.

ఒక రోజు ఆరనివ్వండి. గోటితో గీస్తే పొడి రాలాలి, బొటనవేలితో నొక్కితే దిగకూడదు. అలా లేకపోతే మళ్లీ కలపడమే మేలు.

తవ్వే ముందు ట్రే మీద దారాలతో గడులు కట్టండి. కాగితం మీదా అవే గడులు గీయించండి. ఎముక కనబడగానే లాగనివ్వకూడదు. చుట్టూ కుంచెతో దులిపి, ఏ గడిలో ఎటు తిరిగి ఉందో గీశాకే తీయాలి. దీన్ని వదిలేసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. ఇగ్వానోడాన్ అనే డైనోసార్ ఎముకలు మొదట్లో విడివిడిగా దొరికాయి. వాటిలో మొనదేలిన ఒకదాన్ని, శిలాజాలను పరిశీలించిన ఇంగ్లండ్ వైద్యుడు గిడియన్ మాంటెల్ ముక్కు మీది కొమ్ము అనుకున్నాడు. 1878లో బెల్జియంలోని బెర్నిసార్ బొగ్గు గనిలో అమరిక చెదరని అస్థిపంజరాలు బయటపడ్డాకే అది బొటనవేలి ముల్లని తేలింది. ఈ కథ తవ్వకం మధ్యలో చెప్పండి, పిల్లలు వాళ్లంతట వాళ్లే నెమ్మదిస్తారు.

ఎముకలన్నీ తీశాక బల్ల మీద పేర్చమనండి. అస్థిపంజరం వచ్చిన పెట్టెను మాత్రం ముందే దాచేయండి. వాళ్లు దాని మీది బొమ్మను కాదు, తాము గీసిన పటాన్ని చూసి పేర్చాలి.