గోమెల్‌లో పుట్టగొడుగుల సీజన్: మీటరు మోగలేదని తినేయకండి

మొన్న ఆదివారం బెలారస్‌లోని మా గోమెల్ హాస్టల్ వంటగదిలో ఇద్దరు జూనియర్ తమ్ముళ్లు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పుట్టగొడుగులు వేయిస్తున్నారు. చెర్నోబిల్ రేడియేషన్ పడ్డ ఖోయ్నికి జిల్లా వైపు రోడ్డు పక్కన ఓ ముసలమ్మ బకెట్లో పెట్టి అమ్ముతుంటే కొన్నారట. "అన్నా, రేడియేషన్ మీటరు పెట్టి చూశాం, మోగలేదు" అన్నారు ధీమాగా. మూకుట్లోదంతా చెత్తబుట్టలో పోయించాను. ఇద్దరూ ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు, సరే.

ఆ జేబు మీటరు చూపించేది చుట్టూ ఉన్న గామా కిరణాల్ని. పుట్టగొడుగులో ఎంత సీజియం (చెర్నోబిల్ నుంచి వచ్చి పడ్డ రేడియోధార్మిక పదార్థం) ఉందో దానికి తెలీదు. బెలారస్‌లో తాజా పుట్టగొడుగులకు సీజియం పరిమితి కిలోకు 370 బెకరెల్స్ (రేడియోధార్మికతకు కొలమానం). అంతకు రెండింతలున్నా మీటరు కిక్కురుమనదు. ల్యాబులో సీసం గోడల మధ్య పెట్టి కొలవాల్సిందే. మార్కెట్లో పరీక్ష చేసే చోటుంటుంది, అక్కడ చీటీ ఇచ్చిన సరుకే కొనండి. ఎండబెట్టినవైతే ఇంకా జాగ్రత్త: నీరు పోతుంది, సీజియం పోదు.

ఖోయ్నికి, బ్రాగిన్, నరోవ్ల్యా జిల్లాల్లోని పొలేసియే రిజర్వు 1988లో పెట్టింది. చెర్నోబిల్ అణు ప్రమాదం తర్వాత ఖాళీ చేయించిన ఊళ్ల మీద లేచిన అడవి, 2 వేల చదరపు కిలోమీటర్ల పైనే. బైసన్లు, తోడేళ్లు తిరుగుతాయి. మనుషులు లేరు కాబట్టి అంత పచ్చగా ఉంది. సీజియం సగమవడానికి 30 ఏళ్లు. అమెరీషియం-241 అనే మరో రేడియోధార్మిక పదార్థం అయితే అక్కడ పడ్డ ప్లుటోనియం నుంచి పుడుతూ ఇంకా పెరుగుతోంది. దాని ఆల్ఫా కణాలు చొక్కాను కూడా దాటలేవు, కానీ దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి వెళ్తే అక్కడే తిష్ఠ వేస్తుంది. మామూలు మీటరు దాన్నీ పట్టదు.

అనుమతి లేకుండా రిజర్వు లోపలికి వెళ్లొద్దు. రేడియేషన్ హెచ్చరిక పసుపు త్రికోణం బోర్డు దాటి సెల్ఫీలు వద్దు. అనుమతితో వెళ్తే గైడ్ వెనకే నడవండి. నేల మీద కూర్చోవద్దు, బ్యాగు పెట్టొద్దు. ఫుల్ హ్యాండ్స్, బూట్లు వేసుకోండి. దుమ్ముతో పాటు పిడుదులూ ఉంటాయి. లోపల ఏదీ తినొద్దు. కొమ్ము ముక్క, ఆపిల్ పండు, ఏదీ తేవద్దు. సిగరెట్ అసలొద్దు: మంట లేస్తే నేలలోని సీజియం పొగలో కలుస్తుంది. 2020 ఏప్రిల్‌లో సరిహద్దు అవతల యుక్రెయిన్ వైపు అడవి ఎన్ని రోజులు తగలబడిందో సీనియర్లని అడగండి. పొగ వాసనొస్తే కిటికీలు మూయండి. చెర్నీకా (బ్లూబెర్రీ లాంటి అడవి పళ్లు) కొనాలన్నా పుట్టగొడుగుల రూలే: చీటీ ఉండాలి. పుట్టగొడుగుల్ని ఉప్పునీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే సీజియం కొంత తగ్గుతుంది, నిజమే, ఆ ధైర్యంతో బకెట్ కొనకండి. ఇంటికి పంపే పార్శిల్లో ఎండు పుట్టగొడుగులు పెట్టకండి. మీటరు మోగలేదని తినకండి. మీటరు మోగలేదని పక్కవాడికీ పెట్టకండి. చీటీ అడగండి, లేదంటే బకెట్ అక్కడే వదిలేసి రండి.