కోవర్కింగ్ స్పేస్ నడపడం నేర్చుకుందాం – 4వ పాఠం: గోడ దాటే మాట

మీ కోవర్కింగ్ స్పేస్ (వేర్వేరు పనులవాళ్లు అద్దెకి పంచుకునే ఆఫీసు) అంతా తిరిగి చూసి "మళ్లీ చెప్తాం" అని వెళ్లిపోయినవాళ్ల లిస్టు రాయమన్నాను కదా పోయిన పాఠంలో, అది తీయండి. అందులో లాయర్లు, ఆడిటర్లు, కౌన్సెలర్లు ఎంతమందో చూడండి. రేటు ఎక్కువై పోయారనుకుంటాం గానీ, వీళ్ల దగ్గరుండేది వేరేవాళ్ల గుట్టు. క్లయింట్ చెప్పుకున్న మాట పక్క టేబుల్ దాకా వెళ్తే పోయేది వీళ్ల పేరే.

నేను ఒకావిడకి గదులన్నీ చూపించాను, అన్నీ నచ్చాయి. పోయేముందు రిసెప్షన్‌లో విజిటర్స్ రిజిస్టర్ తెరిచి ఉంటే ఆ పేజీలో పేర్లూ ఫోన్ నంబర్లూ పైనుంచి కిందదాకా చదివి, పెన్ను అక్కడే పెట్టేసి వెళ్లిపోయింది. ఆవిడ కౌన్సెలర్. తన దగ్గరికి ఎవరొస్తున్నారో తర్వాత వచ్చే ప్రతివాళ్లకీ తెలిసిపోతుందన్నమాట. ఆ రిజిస్టర్ ఇవాళే తీసేయండి, ఒక్కొక్కరికి విడి స్లిప్ చాలు.

ఇక ఇవాళ్టి పని, గదిని చెవితో పరీక్షించడం. లోపల ఒకరిని కూర్చోబెట్టి, ఫోన్‌లో మాట్లాడే గొంతుతో పేపర్ చదవమనండి. తలుపు వేసి, బయట మెంబర్లు కూర్చునే కుర్చీలోనే మీరు కూర్చోండి. ఆఫీసు నిశ్శబ్దంగా ఉన్న టైమ్‌లోనే చేయాలి, సందడిలో చేస్తే ఏ గదైనా పాసైపోతుంది. గొంతు వినిపించినా ఫర్వాలేదు, మాట అర్థం కాకూడదు. ఒక పేరు గానీ, ఒక అంకె గానీ తెలిసిందంటే ఆ గది ఫెయిల్.

ఫెయిలైతే ముందు తలుపు కింద సందు చూడండి, తర్వాత పైన. చాలా చోట్ల పార్టిషన్ ఫాల్స్ సీలింగ్ దగ్గరే ఆగిపోతుంది, మాట ఆ పైనున్న ఖాళీలోంచి పక్క గదిలోకి దిగుతుంది. గోడకి ఫోమ్ అంటించి డబ్బులు పోగొట్టుకోకండి, అది లోపల మారుమోత తగ్గిస్తుందే తప్ప బయటికి పోయే మాటని పెద్దగా ఆపదు. పార్టిషన్ కొనేటప్పుడు ఎస్‌టీసీ రేటింగ్ అడగండి, అంటే గోడ శబ్దాన్ని ఎంత ఆపుతుందో చెప్పే అంకె: 25 అయితే మామూలు మాట అర్థమైపోతుంది, 50 అయితే గట్టిగా మాట్లాడినా వినీవినపడనట్టుంటుంది. బిగించాక ఆ అంకె కాస్త తగ్గుతుంది కూడా.

చూడ్డానికి వచ్చినవాళ్లకి "ఫుల్ ప్రైవసీ అండీ" అని చెప్పొద్దు. వాళ్లని బయట కుర్చీలో కూర్చోబెట్టి మీరు లోపలికెళ్లి మాట్లాడండి, వాళ్లే వింటారు. "ఈ ఫోన్ బూత్ మామూలు కాల్స్‌కి, కేసు విషయాలకి మాత్రం ఆ చివరి గది తీసుకోండి" అని ఉన్నదున్నట్టు చెప్పండి. కెమెరాలు ఎక్కడున్నాయి, రికార్డింగ్ ఎవరు చూస్తారు, ఎన్ని రోజులుంచుతారు, ఇవి వాళ్లు అడక్కముందే చెప్పాలి.

హోంవర్క్: గదులన్నీ ఇలా పరీక్షించి, విన్న మాటలు గదివారీగా రాసుకోండి. ప్రింటర్ ట్రేలో ఎవరివైనా కాగితాలు మిగిలాయేమో కూడా చూడండి. వచ్చే పాఠంలో వైఫై. పాస్‌వర్డ్ గోడకి అంటించి ఉంటే ఈలోపే పీకేయండి.