ఇంట్లోనే ఏపీ యూఎస్ హిస్టరీ – 5వ పాఠం: ఆ మాట ఎందుకన్నాడు?

ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అమెరికాలో హైస్కూలు పిల్లలు రాసే కాలేజీ స్థాయి పరీక్ష. పోయిన పాఠంలో థీసిస్ వాక్యం, అంటే మన వాదన చెప్పే వాక్యం, కట్టడం నేర్చుకున్నాం. ఈసారి డీబీక్యూలో, అంటే ఇచ్చిన పత్రాల ఆధారంగా వ్యాసం రాసే ప్రశ్నలో, నేను చూసినంతలో పిల్లలు ఎక్కువగా పోగొట్టుకునే మార్కు సంగతి చూద్దాం.

డీబీక్యూ అంటే తెలుసు కదా: ఏడు పత్రాలు, గంట టైము, ఏడు మార్కులు. మొత్తం స్కోరులో పావు వంతు దీనిదే. అందులో ఒక మార్కు సోర్సింగ్‌ది. కనీసం రెండు పత్రాల విషయంలో రాసినవాళ్ల దృష్టి, ఉద్దేశం, అప్పటి పరిస్థితి, వినేవాళ్లు... వీటిలో ఏదో ఒకటి మీ వాదనకు ఎలా పనికొస్తుందో చెప్పాలి.

ఒక పత్రం తీసుకుందాం. 1965 అక్టోబర్ 3న లిబర్టీ విగ్రహం దగ్గర అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టంపై సంతకం పెట్టాడు. ఇదేమీ విప్లవాత్మకమైన బిల్లు కాదు, లక్షలాది మంది జీవితాలను ఇది తాకదు అన్నాడు.

చదవగానే నవ్వొచ్చిందా? రావాలి. 1946 చట్టం ఇండియాకు ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. 1965 చట్టం ఆ పాత కోటాల పద్ధతినే ఎత్తేసి, తూర్పు అర్ధగోళంలో ఏ దేశానికైనా 20,000 వరకు వీలిచ్చింది. అమెరికాలో ఇన్ని తెలుగు ఇళ్లు ఉన్నాయంటే తలుపు అక్కడే తెరుచుకుంది.

ఇప్పుడు పిల్లలు మామూలుగా రాసేది చూడండి: "జాన్సన్ అధ్యక్షుడు కాబట్టి ఈ పత్రం నమ్మదగినది." మార్కు రాదు. "డెమోక్రాట్ కాబట్టి పక్షపాతం ఉంది." దీనికీ రాదు. పక్షపాతం అనే మాట టైప్ చేయబోతుంటే చెయ్యి ఆపండి, అది సగం ఆలోచనే.

అడగాల్సింది ఒకటే: ఈయనకి ఆ మాట అనాల్సిన అవసరం ఏమొచ్చింది? కోటాలు పోతే జనాభా స్వరూపమే మారిపోతుందని వ్యతిరేకులు గోల పెడుతున్నారు. వాళ్లూ వింటున్నారు. ఇక వాక్యం ఇలా వస్తుంది:

"వలసలంటే భయపడేవాళ్లను ఊరడించడానికి జాన్సన్ చట్టాన్ని చిన్నది చేసి చూపాడు; కాబట్టి పౌరహక్కుల ఉద్యమం సమానత్వం వైపు ఎంత నెట్టినా, వలసల దగ్గర ప్రభుత్వం ఆచితూచే మాట్లాడింది."

మార్కు ఉన్నది "కాబట్టి" తర్వాత. అక్కడిదాకా రాసి ఆగిపోతే అది పత్రం గురించిన కబురు మాత్రమే.

ఇందులో ఒక మెలిక ఉంది. కుటుంబ సభ్యులకు ప్రాధాన్యం ఇస్తున్నాం కనుక ఎక్కువగా యూరప్ వాళ్లే వస్తారని చట్టాన్ని సమర్థించినవాళ్లలో చాలామంది నిజంగానే అనుకున్నారు. అంటే జాన్సన్‌ది ఊరడింపు కాకుండా నమ్మకమే కావచ్చు. అలా వాదించినా మార్కు వస్తుంది, అప్పుడు ఉద్దేశం బదులు అప్పటి పరిస్థితిని పట్టుకోవాలి.

ఇంటి పని: 1961 జనవరి 17న అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ వీడ్కోలు ప్రసంగంలో సైన్యం, ఆయుధ పరిశ్రమ కలిసి పెంచుకునే పలుకుబడి గురించి హెచ్చరించాడు. ఆయన ఐదు నక్షత్రాల జనరల్. పదవి ఇంకా మూడు రోజులే. ఆ మాట ఎందుకన్నాడో, అది మీ వాదనకు ఎలా పనికొస్తుందో రాయండి, రెండు వాక్యాలు చాలు. ముందు తెలుగులో అనుకుని, తర్వాత ఇంగ్లీషులో రాయండి. వచ్చే పాఠంలో పత్రాల్లో లేని బయటి ఆధారం ఎక్కడ పెట్టాలో చూద్దాం.