చీమలు గింజను మోసుకెళ్లి మొలకెత్తేలా చేయడం మీరే చూడాలంటే ఎలా?

గోదావరి డెల్టాలో కాలవ గట్టు మీద, ఎవరూ వేయకుండానే ఆముదం మొక్క లేస్తుంది. కాయ ఎండి చిట్లినప్పుడు గింజలు కొంత దూరం ఎగిరిపడతాయి. అక్కడి నుంచి చీమలు అందుకుంటాయి. గింజ కొనన ఉండే తెల్లటి బుడిపె వాటికి దక్కే కూలి. అందులో కొవ్వు ఉంటుంది. ఓలియిక్ ఆమ్లం లాంటి కొవ్వు పదార్థాల వల్ల అది చీమకు చచ్చిన పురుగులా తోస్తుంది, పుట్టకు ఈడ్చుకుపోతుంది. బుడిపెను పిల్లలకు మేతగా పెట్టి, గట్టి గింజను చెత్తలో పారేస్తుంది. ప్రపంచంలో 11,000కు పైగా మొక్కల జాతులు ఇలా చీమల మీద ఆధారపడతాయని అంచనా.

1. చోటు చూసుకోండి. నీళ్లు నిలిచే వరిచేలో పుట్టలుండవు. కాలవ గట్టు, కొబ్బరితోట అంచు, లంక భూమి అయితే మంచిది. వాన లేని రోజు పొద్దున్నేగానీ సాయంత్రంగానీ వెళ్లండి. మిట్టమధ్యాహ్నం నేల కాలిపోతుంటే చీమలు కూడా బయటికి రావు.

2. గింజలు ఏరండి. దిబ్బల దగ్గర తనంతట తాను మొలిచిన ఆముదం చెట్టు నుంచి ఎండిన కాయలు కోసుకోండి. విత్తనాల కొట్లో కొన్నవి వద్దు, వాటికి మందు పట్టించి ఉంటారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి: ఆముదం గింజలో రైసిన్ అనే విషం ఉంటుంది, నమిలి మింగితే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లలు పక్కనుంటే గింజలు మీ చేతిలోనే ఉంచుకోండి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

3. పది గింజలకు బుడిపె గోటితో గీకేయండి, మరో పదింటికి ఉంచేయండి. రెండు ఆకుల మీద విడివిడిగా, పుట్టకు రెండు మీటర్ల లోపు పెట్టండి. పైన పెద్ద కన్నాల ఇనుప మెష్ బోర్లించి ఇటుక పెట్టాలి. గింజతో సహా చీమ దూరిపోవాలి, ఎలుక మాత్రం దూరకూడదు. మెష్ లేకపోతే తెల్లారేసరికి ఖాళీ ఆకు చూసి చీమల్నే మెచ్చుకుంటాం, తిన్నది ఎలుక అయినా.

4. ఏ ఆకు మీది గింజల్ని చీమలు ముందు అందుకుంటాయో కూర్చుని చూడండి. ఓపిక కావాల్సింది ఇక్కడే. చిన్న చీమలు బుడిపెను అక్కడే కొరుక్కుని వెళ్లిపోతాయి, దాంతో గింజకు ఒరిగేదేమీ లేదు. పెద్ద చీమలైతేనే మోస్తాయి, అదీ చాలాసార్లు ఒకటి రెండు మీటర్లే. ఆ కాస్త దూరమే గింజను తల్లిచెట్టు నీడ నుంచి, ఎలుకల కంటి నుంచి తప్పిస్తుంది. అన్ని చీమలూ మొక్కకు మేలు చేసేవే అనుకోకండి. గింజనే తినేసే జాతులు ఉన్నాయి. అవి దారిలో జారవిడిచినవే మొలిచేది.

5. చెత్తకుప్ప వెతకండి. పుట్ట నోటి పక్కన పొట్టు, పురుగుల రెక్కలు పోగుపడి ఉంటాయి. బుడిపె పోయిన గింజలు అందులో దొరకొచ్చు. పుట్ట తవ్వొద్దు. ఈ కుప్ప చుట్టూ మట్టి గుల్లగా ఉంటుంది, నత్రజని, భాస్వరం కూడా తరచుగా ఎక్కువే. మన జిగురు మట్టిలో నీరు నిలిస్తే గింజ కుళ్లిపోతుంది కాబట్టి ఆ గుల్లదనం చిన్న విషయం కాదు.

6. మొలక పరీక్ష. మూడు కుండీల్లో ఒకే గట్టు మట్టి నింపండి. ఒకదాంట్లో బుడిపె ఉన్నవి, రెండోదాంట్లో మీరు గీకినవి, మూడోదాంట్లో చీమలు వదిలేసినవి వేయండి. లోతు మూడు సెంటీమీటర్లు చాలు. నీళ్లు చిలకరించండి, నిలవనివ్వొద్దు. వారం నుంచి రెండు వారాల్లో మొలకలు రావాలి. ఎన్ని లేచాయో, ఏ రోజున లేచాయో రాసుకోండి. నాలుగో కుండీలో చెత్తకుప్ప పక్క మట్టి పోసి, బుడిపె ఉన్న గింజలే వేసి మొదటి కుండీతో పోల్చితే మట్టి ప్రభావం విడిగా తెలుస్తుంది.

పిట్టల రెట్టలో పడ్డ రావి, మర్రి గింజల్నీ చీమలు ఏరుకుపోతుంటాయి. గోడ పగుల్లో రావి మొలిస్తే పిట్టనే తిట్టుకుంటాం, చీమ పనీ కావచ్చు.

చీమలు అసలు రాకపోతే చక్కెర చల్లొద్దు, అప్పుడు అవి వచ్చేది చక్కెర కోసం. ఆకుల్ని మరో పుట్ట దగ్గరికి మార్చండి. మిగిలిన గింజల్ని గేదెలు, మేకలు తిరిగే చోట పారేయకుండా లోతుగా పూడ్చేయండి.